ఇదీ సంగీతమేనా? ప్రయోగాత్మక, ఎలక్ట్రానిక్ సంగీతం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఈ రకం సంగీతం వినేవాళ్లం తక్కువమందిమే. అందుకే ఎవరి కారులో పాట మార్చినా, ఎవరింట్లో స్పీకర్ ఆన్ చేసినా ప్రశ్నలు తప్పవు. ఎక్కువసార్లు ఎదురైనవాటికి ఇక్కడ జవాబులు రాశాను. కొన్ని పొడుగ్గా ఉంటాయి, కొన్ని ఒక ముక్కలో అయిపోతాయి. నచ్చనివాటిని నచ్చలేదనే రాశాను.

ఇది అసలు సంగీతమేనా? ఒట్టి చప్పుడు కదా?

చప్పుడే. ఆ చప్పుడునే కావాలని కోరుకున్న మొదటివాళ్లలో ఇటలీ చిత్రకారుడు లుయీజీ రుస్సోలో ఒకడు. యంత్రాలు వచ్చాక మన చెవులు మారిపోయాయనీ, వాద్యాలు ఇచ్చే కొద్దిపాటి నాదాలతో ఇక సరిపెట్టుకోలేమనీ 1913లో ఒక ప్రకటన రాశాడు. రాసి ఊరుకోలేదు. గురగురలాడే, కీచుమనే, పేలే పెట్టెలు తయారుచేసి మరుసటి ఏడాది మిలాన్‌లో కచేరీ పెట్టాడు. హాల్లో పెద్ద గొడవే అయింది.

సంగీతమా కాదా అనే వాదన అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. అది తేలదు. దాన్ని పక్కన పెట్టి, వింటున్నంతసేపూ ఒక్కటే గమనించండి: ఈ ధ్వనికి ఇప్పుడు ఏమవుతోంది? పెరుగుతోందా, చెదిరిపోతోందా, ఇంకోదానిలో కలుస్తోందా, మళ్లీ మళ్లీ వస్తూ కొద్దికొద్దిగా మారుతోందా? సినిమా పాట వినేటప్పుడు మన చెవి పల్లవి కోసం, మాటల కోసం ఎదురుచూస్తుంది. ఇక్కడ అవి రాకపోవచ్చు. రావని ముందే తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది.

ప్రయోగాత్మకం అన్నా ఎలక్ట్రానిక్ అన్నా ఒకటేనా?

కాదు. అమెరికా స్వరకర్త జాన్ కేజ్ 1940ల్లో పియానో తీగల మధ్య మరలు, రబ్బరు ముక్కలు దోపి దాన్ని ఒక తాళవాద్య బృందంలా పలికించాడు. అందులో కరెంటు పనేమీ లేదు, ప్రయోగమే అంతా. ఫంక్షన్ హాల్లో పాత పాటలు వాయించే కీబోర్డు పూర్తిగా ఎలక్ట్రానిక్, ప్రయోగం ఏమీ లేదు. రెండూ కలిసిన చోటు గురించే ఇక్కడ ఎక్కువ మాట్లాడుతున్నాం.

ఎప్పుడు, ఎక్కడ మొదలైంది?

ఒక్క చోట కాదు. పుస్తకాల్లో పారిస్ పేరు ముందుంటుంది. అక్కడి రేడియోలో ఇంజనీరుగా ఉన్న పియెర్ షెఫర్ 1948లో బాతిన్యోల్ రైల్వే స్టేషన్‌కి వెళ్లి ఆవిరి ఇంజన్ల బుసలు, కూతలు, చక్రాల మోత రికార్డు చేసుకొచ్చాడు. వాటిని ముక్కలు చేసి, తిరగేసి, పదేపదే తిప్పి సుమారు మూడు నిమిషాల రచన చేశాడు. అప్పటికి ఆయన చేతిలో టేపు లేదు, గ్రామఫోన్ ప్లేట్లే. గాడి తనలోకి తానే వచ్చి కలిసేలా చెక్కితే సూది అదే చుట్టులో తిరుగుతూ ఉంటుంది. నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు మీద ఒక్కో చుట్టుకు ముప్పావు సెకను పైచిలుకు. ఇవాళ లూప్ అంటున్నది అదే.

అంతకు నాలుగేళ్ల ముందే, 1944లో, కైరోలో హలీమ్ ఎల్‌దాబ్ అనే యువకుడు సన్నని తీగ మీద ధ్వనిని పట్టే వైర్ రికార్డర్ పట్టుకొని జార్ అనే తంతుకు వెళ్లాడు. ఒంట్లో చేరిన ఆత్మలను శాంతింపజేయడానికి ఆడవాళ్లు పాటలు పాడే తంతు అది. తర్వాత రేడియో స్టేషన్‌లో కూర్చొని ఆ గొంతుల అసలు స్వరాన్ని తగ్గించి, చుట్టూ ఉన్న ప్రతిధ్వనిని పెంచుకుంటూ పోయాడు. చివరికి మిగిలింది ఎవరి గొంతో చెప్పలేని ఒక హోరు. మన దగ్గర పూనకాలు దగ్గరగా చూసినవాళ్లు దీన్ని చీకట్లో వినకపోవడం మంచిది.

జర్మనీలో కొలోన్ రేడియో స్టుడియోవాళ్లు ఎదురు దారి పట్టారు. బయటి శబ్దాలు వద్దు, ఆసిలేటర్ అనే ఎలక్ట్రానిక్ సర్క్యూట్ పుట్టించే శుద్ధ తరంగాలతోనే అంతా కట్టాలన్నారు. కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజెన్ 1954లో చేసిన 'స్టూడీ 2' స్వరలిపి చూస్తే వాళ్ల పని తీరు తెలుస్తుంది. అందులో కాలాన్ని టేపు పొడవులో, సెంటీమీటర్లలో కొలిచారు. సెకనుకు 76.2 సెంటీమీటర్లు. బ్లేడుతో కోసి అతికించాలి మరి. రెండేళ్లకు ఆయనే 'గెజాంగ్ దెర్ యూంగ్లింగె'లో ఒక బాలుడి గొంతునీ ఆసిలేటర్ల ధ్వనినీ కలగలిపాడు. దాంతో పారిస్‌కీ కొలోన్‌కీ మధ్య గోడ నిలవలేదు.

లండన్‌లో బీబీసీ 1958లో రేడియోఫోనిక్ వర్క్‌షాప్ పెట్టింది. దాన్ని సాధించినవాళ్లలో ముఖ్యురాలు డాఫ్నీ ఓరమ్. 1963లో 'డాక్టర్ హూ' టీవీ సీరియల్ కోసం రాన్ గ్రేనర్ బాణీని టేపు ముక్కలతో, ఆసిలేటర్లతో నిలబెట్టింది డెలియా డర్బిషైర్. ఆమె 2001లో పోయింది. తెర మీద ఆమె పేరు పడింది 2013లో.

థెరమిన్‌ని ముట్టుకోకుండా వాయిస్తారట, నిజమా?

నిజమే. ఈ ఎలక్ట్రానిక్ వాద్యాన్ని 1920 ప్రాంతంలో రష్యాలో లెవ్ తెర్మెన్ తయారుచేశాడు. నిలువు యాంటెనాకి కుడిచేయి దగ్గరయ్యేకొద్దీ స్వరం పైకి పోతుంది. పక్కనున్న చుట్టు యాంటెనాకి ఎడమచేయి దగ్గరయ్యేకొద్దీ శబ్దం తగ్గుతుంది. మెట్లు లేవు కాబట్టి గమకం పలుకుతుంది, అపస్వరం ఇంకా తేలిగ్గా పలుకుతుంది. క్లారా రాక్‌మోర్ వాయించింది వినండి. మిగతావాళ్లు ఎంత కష్టపడుతున్నారో అప్పుడు తెలుస్తుంది.

ఇదంతా వాళ్ల సంగీతం కదా, మనకేం సంబంధం?

ఈ ప్రశ్న అడిగినవాళ్లకు ముందు బరాత్ గుర్తుచేస్తాను. నాగిన్ ట్యూన్ మొదలవగానే రుమాలు పళ్ల మధ్య పట్టుకొని రోడ్డు మీద దొర్లే బాబాయి ప్రతి పెళ్లిలో ఒకడుంటాడు. ఆ ట్యూన్ 1954 నాటి హిందీ చిత్రం 'నాగిన్'లోది, సంగీతం హేమంత్ కుమార్. సినిమాలో వినబడేది పాములవాడి నాగసరం అనుకుంటాం. కాదు, క్లావియోలిన్. 1947లో ఫ్రాన్స్‌లో కాన్‌స్టాంట్ మార్టిన్ తయారుచేసిన, వాల్వులతో పనిచేసే చిన్న ఎలక్ట్రానిక్ కీబోర్డు. వాయించినాయన తర్వాత కల్యాణ్‌జీ-ఆనంద్‌జీ జంటలో ఒకరైన కల్యాణ్‌జీ. అంటే ఎలక్ట్రానిక్ నాదానికి మన వీధులు 70 ఏళ్లుగా ఊగుతూనే ఉన్నాయి. పేరే తెలియదు.

రెండోది అహ్మదాబాద్ సంగతి. అమెరికా నుంచి వచ్చిన పియానో వాద్యకారుడు డేవిడ్ ట్యూడర్ 1969లో అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ధ్వనిని కరెంటుతో పుట్టించి మలిచే మూగ్ సింథసైజర్‌తో ఒక స్టుడియో ఏర్పాటు చేశాడు. గీతా సారాభాయ్, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి. శర్మ, జిన్‌రాజ్ జోషిపురా అందులో పనిచేశారు. కొన్నేళ్లకే ఆ పని ఆగిపోయింది. టేపులు దశాబ్దాలపాటు ఆర్కైవులో పడి ఉన్నాయి. బ్రిటన్ కళాకారుడు పాల్ పర్గస్ వాటిని వెలికితీయగా 2023లో ఆల్బమ్‌గా వచ్చాయి. అన్నీ గొప్పవని అనను. కొన్ని కొత్త యంత్రాన్ని తడిమి చూసిన అభ్యాసాలే. కానీ మన దేశంలో ఆ యంత్రం ముందు మొదటగా కూర్చున్నవాళ్లలో కొందరు దాంతో పాశ్చాత్య బాణీలు వాయించాలని చూడలేదు, ఆ ధ్వనిలోకే చెవి పెట్టారు. నాకు విలువైనదిగా అనిపించేది అదే.

మూడోది బొంబాయి. సినిమా పాటలకు వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లో భైరవ్, యమన్, మాల్‌కౌన్స్ లాంటి పది రాగాలను రోలాండ్ కంపెనీ యంత్రాల మీద డిస్కో దరువుకు కూర్చాడు. మన లెక్కలో మాయామాళవగౌళ, కల్యాణి, హిందోళం అనుకోండి. అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచం ఉలిక్కిపడింది. ఎందుకంటే అవే యంత్రాలతో అదే రకం మెలికలు తిరిగే ధ్వనితో షికాగోలో యాసిడ్ హౌస్ అనే బాణీ పుట్టింది 1987 ప్రాంతంలో. ఆయన దాన్ని కనిపెట్టాడని కొందరు రాస్తారు. అది అతి. ఆ రికార్డు షికాగో కుర్రాళ్లు విన్న దాఖలా లేదు. ఇద్దరూ వేర్వేరుగా ఒకే యంత్రం గుట్టు పట్టుకున్నారు.

ఏమీ వాయించకుండా 4 నిమిషాల 33 సెకన్లు కూర్చోవడం మోసం కాదా?

1952 ఆగస్టు 29న న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్ దగ్గర, వెనకవైపు అడవిలోకి తెరుచుకునే ఒక చెక్క హాల్లో, డేవిడ్ ట్యూడర్ పియానో మూత దించి, గడియారం చూసుకుంటూ మూడు భాగాల రచనను ఒక్క మెట్టు కూడా నొక్కకుండా పూర్తి చేశాడు. రచన జాన్ కేజ్‌ది. జనానికి కోపం వచ్చింది. గాలి, కప్పు మీద చినుకులు, చివరికి తామే గొణుక్కోవడం వినబడిందని కేజ్ తర్వాత చెప్పేవాడు.

దీనికి రెండు మూలాలు చెబుతారు. ఒకటి, ఆయన హార్వర్డ్‌లో శబ్దం చొరబడని గదిలోకి వెళ్లినప్పుడు అక్కడ కూడా తన ఒంట్లోంచే రెండు ధ్వనులు వినబడ్డాయి. పూర్తి నిశ్శబ్దం అనేది లేదని అర్థమైంది. రెండోదాంట్లో మనవాళ్ల చేయి ఉంది. 1946లో గీతా సారాభాయ్ న్యూయార్క్‌లో ఆయనకు భారతీయ సంగీతం చెప్పి, ఆయన దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకుంది. సంగీతం మనసును నెమ్మదింపజేయడానికి అని తన గురువు చెప్పిన మాట ఆయనకు అందించింది. ఆ మాటను కేజ్ చివరిదాకా తలుచుకున్నాడు.

మోసమో కాదో గోల్కొండలో పరీక్షించుకోండి. ఫతే దర్వాజా గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు దాదాపు కిలోమీటరు దూరంలో బాలాహిస్సార్ మీద వినబడతాయని గైడ్లు చూపిస్తారు కదా. పైన నిలబడినవాళ్లు కింది చప్పట్ల కోసం మాటలు ఆపి చెవులు రిక్కిస్తారు. ఆ కాసేపట్లో గాలి, చిలకలు, ఎవరి పిల్లాడో ఐస్‌క్రీమ్ కోసం ఏడవడం అన్నీ ఒక్కసారిగా వినిపిస్తాయి. అప్పటిదాకా కూడా అవి అక్కడే ఉన్నాయి. కేజ్ అడిగింది అలా కాసేపు చెవి పెట్టమనే.

గణేశ్ నిమజ్జనంలో డీజే వాయించేది కూడా ఇదేనా?

దూరపు చుట్టరికం. 1981లో రోలాండ్ టీబీ-303 అనే చిన్న వెండిరంగు పెట్టె తెచ్చింది. గిటారు సాధన చేసుకునేవాళ్లకు బేస్ వాయించేవాడు దొరకనప్పుడు ఇది వాయిస్తుందని ఉద్దేశం. అసలు బేస్ గిటారులా ఏమాత్రం వినబడలేదు, అమ్మకాలు లేవు, 1984లో ఆపేశారు. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేసరికి షికాగోలో ఫ్యూచర్ అనే బృందం దాని ఫిల్టర్ బటన్లు వాయిస్తుండగానే తిప్పుతూ పోయింది. డిట్రాయిట్‌లో జువాన్ ఆట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అనే ముగ్గురు నల్లజాతి యువకులు జర్మనీ బృందం క్రాఫ్ట్‌వెర్క్ పాటలు రేడియోలో విని టెక్నో అనే డాన్స్ సంగీతాన్ని రూపుదిద్దారు. ఇవాళ లారీ మీద డీజే బాక్సుల్లోంచి గుండెల మీద కొట్టే ఆ దరువు వంశం అక్కడిది. కాకపోతే మన తీన్‌మార్ ముందే ఉంది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి బార్కస్‌లో స్థిరపడ్డ అరబ్బుల మర్ఫా వాద్యం కూడా ఉంది. మర్ఫా దరువు మీద మంచి ఎలక్ట్రానిక్ పని చేయాలంటే ముందు ఆ వాద్యకారుల పక్కన కూర్చోవాలి. శాంపిల్ (రికార్డు చేసిన ముక్క) తెచ్చి కింద కిక్ డ్రమ్ పెట్టేస్తే చాలదు.

కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లకు ఇందులో ఏముంది?

మీకే ఎక్కువ ఉంది. అమెరికా స్వరకర్త లా మాంట్ యంగ్ 1960లో రాసిన ఒక రచన మొత్తం రెండే స్వరాలు, బి, ఎఫ్ షార్ప్. చాలాసేపు పట్టి ఉంచాలని ఒక సూచన, అంతే. ఆ రెంటి మధ్య దూరం ఎంతో లెక్కేస్తే షడ్జమం, పంచమం. కచేరీకి ముందు తంబూరా శ్రుతి చేసుకునేటప్పుడు మీరు రోజూ వినేదే. యంగ్, టెర్రీ రైలీ ఇద్దరూ 1970 నుంచి కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్ శిష్యులయ్యారు. ఫ్రాన్స్ స్వరకర్త ఎలియాన్ రాడిగ్ అయితే ఏఆర్‌పీ 2500 సింథసైజర్ మీద ఒక్కో ధ్వనిని నిమిషాల తరబడి కదలీ కదలనట్టు కదిపింది. ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె పెట్టుకొని కళ్లు మూసుకునే అలవాటున్నవాళ్లకు రాడిగ్ వెంటనే పట్టుబడుతుంది.

కీబోర్డు మీద గమకం రాదని సంగీతం మాస్టార్ల ఫిర్యాదు. న్యాయమే. చాలా కీబోర్డుల్లో స్వరాన్ని వంచే పిచ్ బెండ్ చక్రం రెండు అర్ధస్వరాల వరకే లాగుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 12కి పెంచుకోవచ్చు. అప్పుడు తోడి కూడా సాధ్యమే, చేయి కుదరాలంతే.

సింథసైజర్ లోపల ఏం జరుగుతుంది?

ఆసిలేటర్ ఒక తరంగాన్ని పుట్టిస్తుంది, ఫిల్టర్ అందులోంచి కొంత తీసేస్తుంది, యాంప్లిఫైయర్ ఎప్పుడు ఎంత వినిపించాలో చూస్తుంది. ఫిల్టర్ అర్థం కావాలంటే ఒకే శ్రుతిలో 'ఆ' అని పట్టి, ఆపకుండా పెదాలు మూస్తూ 'ఊ' దాకా రండి. స్వరం అదే, నాదం మాత్రం మసకబారుతుంది. 1964లో రాబర్ట్ మూగ్ చేసింది ఈ మూడింటినీ వోల్టేజీతో నడిపించడం. ఒక వోల్టు పెరిగితే స్వరం ఒక స్థాయి పైకి. అదే కాలంలో శాన్ ఫ్రాన్సిస్కోలో డాన్ బుక్లా, మామూలు మెట్ల కీబోర్డు పెడితే మళ్లీ పాత సంగీతమే వస్తుందని దాన్ని వద్దనుకున్నాడు. వ్యాపారంలో మూగ్ గెలిచాడు. నా ఓటు బుక్లాకే.

దేనితో మొదలుపెట్టాలి?

స్టీవ్ రైక్ 1965లో చేసిన 'ఇట్స్ గాన్నా రెయిన్'తో. వీధి ప్రవచనకారుడి ఒకే గొంతు ముక్క రెండు టేపు మిషన్ల మీద కలిసి మొదలై, వేగంలో వెంట్రుకవాసి తేడా వల్ల మెల్లగా విడిపోతుంది. అయిదు నిమిషాల్లో మాట పోయి లయ మిగులుతుంది. తర్వాత బ్రయన్ ఈనో 1978 నాటి 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'. శంషాబాద్‌కి తెల్లవారుజామున వెళ్లే క్యాబ్‌లో వినండి, డ్రైవర్ అన్న ఒప్పుకుంటే. తర్వాత చరణ్‌జీత్ సింగ్, ఆ తర్వాత రైలీ. స్టాక్‌హౌజెన్‌ని మూడో నెలకు వదిలేయండి. జపాన్ నాయిస్ కళాకారుడు మెర్జ్‌బౌ నాకు ఇప్పటికీ ఎక్కలేదు. మీకు ఎక్కితే సంతోషం.

ఫోన్ స్పీకర్‌లో వినొచ్చా?

వద్దు. కింది స్వరాలు సగం వినబడవు. మామూలు వైరు ఇయర్‌ఫోన్లు చాలు.

హైదరాబాద్‌లో సొంతంగా పరికరం చేసుకోవాలంటే?

కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లండి. 40106 అనే ఐసీ అడగండి. ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, ఒక మెగాఓమ్ పొటెన్షియోమీటర్ (తిప్పే నాబ్), 100 కిలోఓమ్ రెసిస్టర్, బ్రెడ్‌బోర్డు, 9 వోల్టుల బ్యాటరీ, క్లిప్పు తీసుకోండి. ఐసీ 14వ కాలుకి ప్లస్, 7వ కాలుకి మైనస్. ఒకటో కాలు నుంచి మైనస్‌కి కెపాసిటర్, ఒకటికీ రెండుకీ మధ్య పొటెన్షియోమీటర్. రెండో కాలు నుంచి 100 కిలోఓమ్ రెసిస్టర్ ద్వారా బయటికి తీసి, పాత చిన్న యాంప్లిఫైయర్‌కి ఇవ్వండి. చతురస్ర తరంగం మోగుతుంది. పొటెన్షియోమీటర్ తీసి వెలుతురుకు స్పందించే ఎల్‌డీఆర్ పెడితే చేతి నీడతో స్వరం మారుతుంది. ఒక్క ఐసీలో ఇలాంటివి ఆరు కట్టొచ్చు. వాడనివాటి ఇన్‌పుట్ కాళ్లను మైనస్‌కి కలపండి. బ్యాటరీతోనే చేయండి, గోడ ప్లగ్గు జోలికి వెళ్లొద్దు. ఇయర్‌ఫోన్లకీ, ఖరీదైన స్పీకర్లకీ నేరుగా తగిలించొద్దు. ఆదివారం వెళ్తే షాపులు మూసి ఉండొచ్చు. సాయంత్రం కోఠి ట్రాఫిక్ టెన్షన్ గురించి మీకు చెప్పక్కర్లేదు.

డబ్బు పెట్టకుండా?

కంప్యూటర్‌లో ఆడాసిటీ, ప్యూర్ డేటా, సూపర్‌కొలైడర్, వీసీవీ ర్యాక్ ఉచితంగా దొరుకుతాయి. కోడ్ రాసే అలవాటున్న మాదాపూర్ జనం సూపర్‌కొలైడర్‌తో మొదలుపెట్టొచ్చు. మిగతావాళ్లకు ధ్వనిని రికార్డు చేసి, కోసి అతికించే ఆడాసిటీ చాలు.

పాతబస్తీలో వెండి వరఖ్ కొట్టేవాళ్ల దగ్గరికి వెళ్లి, అడిగి, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఇద్దరు పక్కపక్కన కొడుతుంటే సుత్తి దెబ్బలు కాసేపు కలుస్తాయి, కాసేపు విడిపోతాయి. రైక్ టేపులతో చేసింది అక్కడ చేతులతో జరుగుతుంటుంది. ఇంకొకటి ఆల్విన్ లూసియర్ 1969లో చేసిన పని. మీ బాత్రూమ్‌లో నాలుగు వాక్యాలు మాట్లాడి రికార్డు చేయండి. దాన్ని అక్కడే స్పీకర్‌లో వినిపిస్తూ రెండో ఫోన్‌తో మళ్లీ రికార్డు చేయండి. ఆ రెండోదాన్ని వినిపిస్తూ మూడోది. అలా చేస్తూ పోతే మాటలు కరిగిపోయి ఆ గదికి నచ్చిన స్వరాలే మిగులుతాయి. ఖాళీ ఫ్లాట్‌లో ఇంకా బాగా వస్తుంది. అద్దె ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడు బ్రోకర్ ఎదురుగా మాత్రం వద్దు.

ఏఐ వచ్చాక ఇదంతా ఎందుకు?

కంప్యూటర్ సంగీతం రాయడం కొత్త కాదు. 1957లోనే ఇల్లినాయ్ యూనివర్సిటీలో హిల్లర్, ఐజాక్సన్ నాలుగు తీగవాద్యాల కోసం కంప్యూటర్‌తో ఒక రచన చేయించారు. అదే ఏడాది బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ రాసిన ప్రోగ్రాం 17 సెకన్ల సంగీతం వినిపించింది. ఇప్పటి యంత్రాలు ఉన్న పాటల్లాంటి పాటలు బాగా చేస్తాయి. ఈ పేజీలో ఉన్నవాళ్లకు కావాల్సింది అది కాదు.

నగరంలో ఎక్కడ వినొచ్చు?

క్రమం తప్పకుండా జరిగే చోటంటూ చెప్పలేను. బంజారాహిల్స్‌లోని లామకాన్, జర్మన్‌వాళ్ల గోథే జెంట్రుమ్, ఫ్రెంచ్‌వాళ్ల అలయన్స్ ఫ్రాంసేజ్ కార్యక్రమాల వివరాలు చూస్తుండండి. డాబా మీద మీరే పెట్టుకుంటే, లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధం ఉందని గుర్తుంచుకోండి. కింది ఫ్లాట్ ఆంటీకి ముందే చెప్పి, ఆవిడనీ పిలవండి.

వింటుంటే నిద్ర వస్తోంది. తప్పా?

తప్పేం లేదు. టెర్రీ రైలీ 1960ల్లో రాత్రంతా సాగే కచేరీలు ఇచ్చేవాడు, జనం ఊయలలూ పిల్లల్నీ వెంట తెచ్చుకునేవాళ్లు. మన ఊళ్లలో భాగోతం చూస్తూ చాపల మీద పడుకున్న పిల్లలు కూడా సగం కథ నిద్రలోనే విన్నారు. రాడిగ్ రచనలకు ఇది ఇంకా బాగా కుదురుతుంది. స్లీప్ టైమర్ మాత్రం పెట్టుకోకండి. అంతసేపు సాగిన ధ్వని మధ్యలో తెగితే అప్పుడు మెలకువ వస్తుంది.